మిర్యాము చేతి డప్పు

1995 నవంబరు ఆఖర్లో నేనొక డప్పు కొన్నాను. 180 రూపాయలు. ఒంగోలులో డిగ్రీ రెండో సంవత్సరం చదివే పల్లెటూరి కుర్రాడికి ఆ రోజుల్లో అది చిన్న డబ్బేమీ కాదు. నాతో చదివే స్నేహితుడి మేనమామ చేసిచ్చాడు. వేపచెక్కతో కట్టిన గుండ్రటి చట్రం, దాని మీద మేకతోలు, తోలు పట్టి ఉండడానికి చింతపిక్కల బంక. కుడిచేతికి పొట్టి చిర్ర, ఎడమచేతికి సన్నటి చిటికెన పుల్ల. "వాయించే ముందు మంట చూపియ్యి. సల్లబడిన డప్పు పలకదు" అని చెప్పి చేతికిచ్చాడు. యూరియా సంచిలో చుట్టి బస్సెక్కాను. పగటిపూట దానితో పల్లెలో దిగే ధైర్యం లేక, చీకటి పడేదాకా బస్టాండులోనే కూర్చుని ఆఖరి బస్సుకు వెళ్ళాను.

ఆ క్రిస్మస్ ఆరాధనలో, మా గుడి లోపల, బల్ల పక్కన నిలబడి దాన్ని వాయించాలని నా కోరిక.

గుడి అంటే మాది బాప్టిస్టు చర్చి. మా వైపు మాదిగపల్లెల్లో క్రైస్తవులం కూడా గుడి అనే అంటాం. సున్నం గోడలు, పెంకుల కప్పు, తలుపు పక్కన వేలాడే కంచు గంట. లోపల బెంచీలు లేవు, చాపలే. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, ముందు వరసలో కునికిపాట్లు పడే పిల్లలు. బల్ల మీద తెల్లగుడ్డ. బల్ల పక్కన హార్మోనియం, తబలా, రెండు జతల తాళాలు, గిలకల కంజీర. కీర్తన, ప్రార్థన, వాక్యం, మళ్ళీ కీర్తన, ప్రసంగం, కానుక, దీవెన. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. నేను పుట్టకముందు నుంచీ ఆ వరుస ఒక్కటే.

ఆ కీర్తనలంటే నాకు విసుగు పుట్టి డప్పు తెచ్చాననుకునేరు. కానే కాదు. మా నాయనమ్మకు అక్షరం రాదు, కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో సగం పాటలు ఆమె నోట్లో ఉండేవి. వడ్లు దంచుతూ పాడేది, గొడ్లకు కుడితి పెడుతూ పాడేది. నేను చదవడం నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే. ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, మోహన. చిన్నప్పుడు అవి మనుషుల పేర్లనుకునేవాణ్ణి, ఆ పాటలు రాసినవాళ్ళ పేర్లని.

పెద్దయ్యాక ఆ పేర్ల దగ్గరే నాకో ప్రశ్న మొదలైంది. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు పురుషోత్తమ చౌదరిగారివి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి. క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నప్పుడు తాను పెరిగిన సంగీతాన్ని వెంట తెచ్చుకున్నాడు. మంచిదే, ఆయన తెచ్చుకోబట్టే మా నాయనమ్మకు పాటలు దొరికాయి. దొరలు వాళ్ళ దేశపు ట్యూన్లు తెచ్చుకున్నారు. అవీ పాడుకున్నాం. మరి మా తాతలు ఖాళీ చేతులతో ఎందుకు వచ్చారు? తరతరాలుగా వాళ్ళ చేతుల్లో ఉన్న దరువును గుడి గుమ్మం బయట ఎందుకు వదిలేశారు? దేవుడి సన్నిధిలో ఆనందభైరవికి చోటుండి, మా డప్పుకు లేకపోవడమేమిటి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. అంతకు ముందటేడే, 1994 జూలై 7న, మా జిల్లాలోని ఈదుమూడిలో, ఎస్సీ రిజర్వేషన్లలో మాదిగల వాటా కోసం దండోరా ఉద్యమం మొదలైంది. ఒంగోలులో ఊరేగింపు జరిగితే కాలేజీ ఎగ్గొట్టి వెళ్ళాను. డప్పులు వరసగా కదిలాయి. కొట్టేవాళ్ళలో లెక్చరరున్నాడు, బ్యాంకు గుమస్తా ఉన్నాడు. పేరు చివర 'మాదిగ' అని పెట్టుకుని తలెత్తి నడుస్తున్నారు. ఏ మాట ఎవరి నోట వింటే నేను తల దించుకునేవాణ్ణో ఆ మాటే వాళ్ళు మైకులో చెబుతున్నారు. ఆ దరువు నా రొమ్ములో మోగింది. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టక బైబిలు తీశాను. 150వ కీర్తనలో బూర, స్వరమండలం, సితార, తంతివాద్యాలు, పిల్లనగ్రోవి, తాళాలు, అన్నీ ఉన్నాయి. ఊపిరి ఉన్న ప్రతిదీ యెహోవాను స్తుతించాలని చివర్లో ఉంది. డప్పు మీదున్నదీ ఒకప్పుడు ఊపిరి ఉన్న మేక తోలే కదా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ బుర్ర. కానీ ఆ రాత్రి నేను చేసిన ప్రార్థనలో మోసం లేదు, ఇప్పటికీ ఆ మాట చెప్పగలను.

డిసెంబరు 3, బల్ల ఆదివారం. ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. యవ్వనస్థుల కూటం తరఫున నేను లేచి క్రిస్మస్ కార్యక్రమం చదివాను. నాటిక, పిల్లల కంఠత వాక్యాలు, స్టారు ఊరేగింపు, చివర్లో "డప్పుతో స్తుతి". సంచిలోంచి డప్పు తీసి చాప మీద పెట్టాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా పెదతాత, అంటే మా తాత అన్న, సంఘపెద్ద. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళజోడుకు ఒకవైపు కాడ లేక దారం కట్టుకునేవాడు. ఆ దారం సవరించుకుని డప్పు వైపు చూశాడు.

"అది గుడిలోకి ఎందుకు తెచ్చావురా?"

"దేవుణ్ణి స్తుతించడానికి తాతా."

"తబలా ఉంది, తాళాలున్నయ్యి. సాల్లేదా?"

"తబలాది తోలు కాదా? ఆ తోలు తీసిందెవరు, ఊనిందెవరు? మనోళ్ళే గదా! తబలా అయితే శుద్ధం, డప్పయితే మైలా?"

నా వెనక కుర్రాళ్ళు కదిలారు. నేను గెలిచాననే అనుకున్నాను. పెదతాత గొంతు పెంచలేదు.

"తబలా వాయించేవోణ్ణి ఎవురూ చెప్పులు చేత పట్టుకోమన్లేదురా. జంబుకానా ఏసి కూకోబెట్టారు. డప్పు కొట్టేవోణ్ణి శవం ముందర నడిపించారు. వానొచ్చినా ఆపనియ్యలా. కొట్టి కొట్టి ఇంటికొస్తే కడుపులో కల్లు తప్ప మెతుకు ఉండేది కాదు. నీకు దాంట్లో దేవుడు ఇనపడుతున్నాడా?"

మా పాస్టరు అయ్యగారు మధ్యలోకి వచ్చారు. ఆయన రామాయపట్నంలో వేదాంతం చదివినాయన, నెమ్మదైన మనిషి. ఎవరి పక్షమూ తీసుకోకుండా ఒక సంగతి చెప్పారు. అది నేనెప్పుడూ వినలేదు. మన బైబిల్లో 150వ కీర్తనలోనూ నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలోనూ 'తంబుర' అని ఉంటుంది. ఆ మాట వినగానే తంతులు మీటే తంబూరా గుర్తుకొస్తుంది. కానీ హెబ్రీలో అక్కడున్న మాట 'తోఫ్'. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో పట్టుకుని వాయించే వాద్యం. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఫరో రాజు కింద బానిసలుగా బతికిన ఇశ్రాయేలీయులు ఎర్ర సముద్రం దాటి బయటపడ్డాక, అహరోను అక్క మిర్యాము చేతిలోకి తీసుకున్నది అదే. ఆమె వెంట ఆడవాళ్ళంతా వాటితోనే నాట్యం చేశారు.

"అంటే డప్పే గదా అయ్యగారూ!" అని నేను దాదాపు అరిచాను. తోఫ్, డప్పు. నా చెవికి ఆ రెండు మాటలూ అన్నదమ్ముల్లా వినిపించాయి.

"దాని వంటిదే" అన్నారాయన జాగ్రత్తగా.

పెదతాత కాసేపు నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆయన అన్న మాట నేను ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను.

"మిర్యామమ్మ సముద్రం దాటినాక వాయించింది అయ్యగారూ. మావోళ్ళు ఐగుప్తులో వాయించారు. ఫరో ఇంట్లో పెళ్ళికి, ఫరో ఇంట్లో సావుకి."

నేను ఊరుకోలేదు. "మనం దాటలేదా తాతా? ఇంకా ఐగుప్తులోనే ఉన్నామా?" అన్నాను. పెద్దవాళ్ళ ముందు అలా అడగకూడదు. అడిగాను.

"కారంచేడు అయి ఎన్నేళ్ళయిందిరా?"

పదేళ్ళు. 1985 జూలై 17న కారంచేడులో భూస్వాములు మాదిగపల్లె మీద పడి మనుషుల్ని చంపారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చేరితే, మా సంఘంలో ఇంటింటికీ పిడికెడు బియ్యం పోగు చేశారు. ఆ మూటతో చీరాల వెళ్ళి వచ్చింది పెదతాతే. వచ్చాక రెండు రోజులు అన్నం తినలేదని నాయన చెప్పేవాడు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డప్పు సంచిలో పెట్టుకుని బయటికి నడిచాను.

ఆ క్రిస్మస్‌కు నేను గుడికి వెళ్ళలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఒంగోలులో కొత్తగా పెట్టిన ఒక ప్రార్థనా మందిరానికి వెళ్ళాను. అక్కడ గిటారుంది, డ్రమ్ సెట్టుంది, చప్పట్లున్నాయి, కన్నీళ్ళున్నాయి. రెండు నెలలు అక్కడికే తిరిగాను. ఆ పాటల్లో నాకు నిజంగా సంతోషం దొరికింది, వాళ్ళను తక్కువ చేయను. కానీ ఒక ఆదివారం డ్రమ్ముల చప్పుడు మధ్యలో కళ్ళు మూసుకుంటే, చాప మీద కూర్చుని ఆనందభైరవి తీసే నాయనమ్మ గొంతు గుర్తొచ్చింది. ఇది కూడా నాది కాదే అనిపించింది. ఆ వారమే ఇంటికెళ్ళాను.

అటక మీద దాచిన డప్పును నాయనమ్మ అప్పటికే చూసేసింది. ఎప్పుడు చూసిందో తెలియదు. తోలుకు చెమ్మ తగలకుండా పాత చీర చుట్టి పెట్టింది. దాన్ని చూశాక నాకు మాట పెగల్లేదు. ఆ రాత్రి కరెంటు లేదు. అరుగు మీద చాప వేసుకుని పడుకుంటే ఆమే మొదలుపెట్టింది.

"మా తాత కొట్టేవోడురా. మా తాత డప్పు పట్టుకుంటే మూడూళ్ళ అవతలికి ఇనపడేదంట."

నాయనమ్మ తాత! నేను లేచి కూర్చున్నాను. ఆయన బాప్తిస్మం తీసుకున్నది గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో. ఆ సంగతి మా ఇంట్లో అందరం విన్నదే, మాకది వంశవృక్షం లాంటిది. 1876 నుంచి కరువు. దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకు పని చూపించాడు. ఆ పని జరిగినన్నాళ్ళూ కూటి కోసం కలిశారనే మాట రాకూడదని ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కాలవ పని ముగిసి, తిండికి ఆయన మీద ఆధారపడే అవసరం తీరాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. అందులో ఒకడు మా నాయనమ్మ తాత. ఇంతవరకూ నాకు తెలుసు. ఆ తర్వాతి భాగం ఎవరూ చెప్పలేదు.

"ఆ ఏడు పోలేరమ్మ కొలుపుకి ఊళ్ళోంచి పిలుపొచ్చింది. పోలేదు. మళ్ళీ పిలిచారు, పోలేదు. పొలం పనికి రానియ్యలా. బాయి కాడికి రానియ్యలా. మూడోసారి మనుషులే వచ్చారు, డప్పు తీసుకుని నడువు అని. మా తాత లోపలికెళ్ళి డప్పు తెచ్చి వాళ్ళు సూస్తుండంగానే పొయ్యిలో పెట్టాడంట. చెట్టుకి కట్టేసి కొట్టారు. ఆ రోజు మా జేజి ఆ మంట మీదే సంకటి వండింది. వేరే పుల్లల్లేవు ఇంట్లో. తోలు కాలిన వాసన మూడు రోజులు పోలేదని చెప్పేది."

కాసేపాగి, "డప్పు లేనోణ్ణి ఎవరు పిలుస్తారబ్బాయ్? అందుకే కాల్చాడు" అంది.

మర్నాడు అయ్యగారి దగ్గరికెళ్ళి సంఘ చరిత్ర పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. మా జిల్లాలో తొలి విశ్వాసుల్లో ఒకడైన తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గురించి చదివాను. చర్మాల వ్యాపారం చేసేవాడు. తోళ్ళ కోసం ఏలూరు దాకా వెళ్ళి అక్కడ సువార్త విని వచ్చాడు. మిషనువాళ్ళు మాదిగలకు చెప్పిన షరతులు మూడే. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవి. కానీ చచ్చిన గొడ్డును ఈడ్చడం, జాతరలో డప్పు కొట్టడం ఊరు మా మెడకు కట్టిన పనులు. వాటికి రామన్నరోజు ఊరు పగబట్టింది. తాళ్ళకొండపాడులోనూ అదే జరిగింది, మా పల్లెలోనూ అదే. చదువుతుంటే చేతులు వణికాయి. గుమ్మం బయట దరువును మరిచిపోయి వచ్చారని నేను కోప్పడిన తాతలు వీళ్ళే. వీపు చీరుకుపోతున్నా డప్పును పొయ్యిలో పెట్టి వచ్చినవాళ్ళను పట్టుకుని నేను ఖాళీ చేతులతో వచ్చారన్నాను.

అయినా నా కోరిక చావలేదు. ఇంకా గట్టిపడింది. ఆ ముసలాయన కాల్చింది దరువును కాదు, పిలుపును. పిలుపు లేకుండా, నాకు నేనుగా, నా దేవుడి కోసం వాయిస్తే? ఈ మాటే పెదతాతతో చెప్పాలని మట్టలాదివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. పొద్దున పిల్లలు పట్టుకుని తిరిగిన ఈత మట్టలు వాకిట్లో వాడిపోయి ఉన్నాయి. నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ముందు క్షమాపణ అడిగాను, గుడిలో ఎదురు మాట్లాడినందుకు. తర్వాత నాయనమ్మ చెప్పింది చెప్పాను.

"ఆమె తాత నిలబడ్డాడు" అన్నాడు. "మా నాయన నిలబడలేకపోయాడు."

నాకు అర్థం కాలేదు.

"మా నాయన కూడా బాప్తిస్మం తీసుకున్నోడే. ఎవరన్నా పిలిస్తే పోను అనే చెప్పాడు. పోయాడు. అప్పుండింది. నలభై రూపాయలు. ఊళ్ళో పెద్ద రైతు చచ్చిపోతే పిలిచారు, పోయాడు. వచ్చే ఆదివారం బల్లకి చెయ్యి చాపలేదు. గుడి బయట కూకున్నాడు. నేను చూశా. సచ్చిందాకా బల్ల తీసుకోలా."

"నువ్వెళ్ళావా తాతా ఆ రోజు?"

ఆయన ఆ ప్రశ్న విననట్టే ఊరుకున్నాడు. చీకటి పడుతోంది. కోళ్ళు గంప కిందికి చేరాయి. చాలాసేపటికి అడిగాడు. "నువ్వు పోవా? పిలిస్తే?"

"పోను."

"నీకు అప్పు లేదు. చదువుంది." తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. "సరే. గుడిలో ఒద్దు. నేనొక్కణ్ణి ఔనంటే సాలదు. కాల్చినోళ్ళని అడగాలి. ఈస్టరు పొద్దున తోటకి తీసకరా."

తోట అంటే సమాధుల తోట. మా వైపు ఈస్టరుకు తెల్లవారకముందే అందరం అక్కడికి పోతాం. ముందురోజే సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ప్రభువు లేచిన వేళకు మనవాళ్ళ పక్కన నిలబడి ప్రార్థన చేసుకుంటాం. బెంచీ లేదు, బల్ల లేదు, హార్మోనియం లేదు. ఆడామగా కలిసే నిలబడతారు.

గుడి లోపలికి డప్పు రావడానికి ఆ తర్వాత ఇంకా రెండేళ్ళు పట్టింది. ఇద్దరు పెద్దలు చివరిదాకా ఒప్పుకోలేదు, డప్పు మోగే వేళకు బయటికి వెళ్ళి చెట్టు కింద నిలబడేవాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ లోపల ఏ వాసన ఇంకా పోలేదో నాకు తెలుసు. ఇప్పుడు మా గుడిలో కీబోర్డుంది, మీట నొక్కితే డప్పు దరువు వస్తుంది. పిల్లలు దానికి చప్పట్లు కొట్టి పాడతారు. వాళ్ళను చూస్తే నాకు కడుపు నిండుతుంది. అయితే ఆ దరువుకు మంట అక్కర్లేదు, వేళ్ళకు కాయలు కాయవు. దాని వెనక పొయ్యిలో కాలిన డప్పొకటి ఉందని వాళ్ళకు చెప్పాలనిపించే ఇదంతా రాస్తున్నాను.

1996 ఏప్రిల్ 7. తెల్లవారుజాము నాలుగున్నర. పౌర్ణమి వెళ్ళి మూడు రోజులైంది, పడమటి దిక్కున చందమామ ఇంకా ఉన్నాడు. తాటిచెట్ల కింద కొవ్వొత్తులు వరసగా వెలుగుతున్నాయి. నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె తన తాత సమాధి దగ్గర నిలబడింది. దాని మీద పేరు లేదు, మట్టిదిబ్బకు నాలుగు రాళ్ళు, అంతే. అయ్యగారు ప్రార్థన చేసి, మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడిన భాగం చదివారు. చదవడం అయ్యాక నా వైపు చూశారు.

ఎండు తాటాకులు పోగేసి మంట వేశాను. డప్పు దగ్గర పెట్టాను. గాలికి మంట ఒకవైపే లేస్తోంది. తోలు ఒక పక్క బిగిసి, ఇంకో పక్క వదులుగానే ఉంది. వేలితో తట్టి చూస్తే మందంగా పలికింది. జనం ఎదురు చూస్తున్నారు. నాకు చెమటలు పట్టాయి.

పెదతాత వచ్చి పక్కన గొంతుకు కూర్చున్నాడు. ఏమీ అనకుండా డప్పు నా చేతుల్లోంచి తీసుకున్నాడు. మంటకు జానెడు ఎత్తున పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు, రొట్టె కాల్చినట్టు. మధ్యమధ్యలో తోలు మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో ఒకసారి మీటాడు. ఖంగుమంది. మళ్ళీ రెండు తిప్పులు తిప్పాడు. లేచి, నా భుజానికి పటకా తగిలించి, డప్పు నా ఎడమ పక్కకు సర్దాడు. చిర్ర నా కుడిచేతిలో పెట్టాడు. చిటికెన పుల్ల నేను పట్టుకున్న తీరు చూసి, నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ మూశాడు.

"వదులుగా పట్టుకో. బిగిస్తే మణికట్టు పట్టేస్తది" అన్నాడు.

నాయనమ్మ వైపు చూశాను. ఆమె నాలుగు రాళ్ళ దిబ్బ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది. మొదటి దెబ్బ వేశాను.